గురువారం ఇల్లు

వాడిప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. బతికుంటే నాలాగే డెబ్బై దాటి ఉంటాడు, పళ్ళూడి ఉంటాడు. అయినా వాడి మీద నాకు కోపం పోలేదు. కాటికి కాళ్ళు చాపుకుని ఇంకా ఆ పగలేంటండి అంటుంది మా ఆవిడ. తనకేం, కడుపు నిండా తిని పెరిగిన మనిషి.

అరవైల్లో నేను తెనాలిలో పి.యు.సి.లో చేరాను. మాది రేపల్లె దగ్గర చిన్న పల్లె. నాన్న పౌరోహిత్యం చేసేవాడు. ఎలాగో ఫీజు కట్టాడు గాని, హోటల్లో భోజనం పెట్టించే తాహతు లేదు. అందుకని వారాలు కుదిర్చాడు. ఈ కాలం పిల్లలకు వారాలంటే తెలియదు. చదువుకునే పేద బ్రాహ్మణ పిల్లవాడికి ఊళ్ళో ఒక్కో ఇంటివాళ్ళు వారంలో ఒక్కో రోజు రెండు పూటలా అన్నం పెట్టేవారు. నాకు ఆరు ఇళ్ళు దొరికాయి. ఆదివారం రేపల్లె పాసింజరెక్కి ఇంటికి పోయేవాణ్ణి. ఆ ఆరింటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ రోజు నాకు మంచినీళ్ళే గతి.

గురువారం ఇల్లు ఒక ప్లీడరుగారిది. వాళ్ళబ్బాయీ నేనూ ఒకే సెక్షను. మొదటి గురువారం వాడు నన్ను వాళ్ళ వసారాలో విస్తరి ముందు చూశాడు. మర్నాడు నేను క్లాసులో అడుగు పెట్టీపెట్టక ముందే, "ఒరే, మా గురువారం వచ్చాడ్రోయ్!" అని అరిచాడు. క్లాసంతా ఘొల్లుమంది. ఇక ఏడాది పొడుగునా నా పేరు గురువారమే. ఆడపిల్లలు కూడా మొహానికి పుస్తకాలు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది. మండి ఏం చెయ్యను? వాళ్ళింటి అన్నం తింటున్నానాయె.

ఆ ఇంట్లో నాకు ఇష్టమైన మనిషి వాడి తల్లి ఒక్కర్తే. పిన్నిగారూ అని పిలిచేవాణ్ణి. "పెరిగే వయసు, మొహమాటపడకు నాయనా," అంటూ రెండోసారి కూడా నెయ్యి వేసేది. ఆవిడ కడుపున ఈ దౌర్భాగ్యుడు ఎలా పుట్టాడా అని నా విస్తరి ముందు కూర్చునే అనుకునేవాణ్ణి.

వాడికి పాఠాలంటే పడదు. మొదటి పీరియడు నిద్రలో, మధ్యాహ్నం పీరియడ్లు సినిమా హాల్లో గడిచిపోయేవి. వాడి హాజరు పలికే పని నా నెత్తిన పడేశాడు. మా సెక్షనులో వంద మందికి పైగా ఉండేవాళ్ళం. లెక్చరరు రిజిస్టరులోంచి తల ఎత్తకుండా నెంబర్లు చదువుకుంటూ పోయేవాడు. నా నెంబరుకు నా గొంతుతోనూ, వాడి నెంబరుకు బెంచీ కిందికి వంగి బొంగురు గొంతుతోనూ "ప్రెజెంట్ సార్" అనేవాణ్ణి. దొరికితే కాలేజీలోంచి తరిమేస్తారని తెలుసు. అయినా గురువారం అన్నం కోసం పలికాను.

దసరా సెలవులయ్యాక ఒక గురువారం పొద్దున, నేను వాళ్ళింటికి బయలుదేరుతుంటే వాడే నా గదికి వచ్చాడు. మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

"బాపట్లలో మా పెదనాన్న పోయాడ్రా. మాకు పది రోజులు మైల. నువ్వు రావద్దని అమ్మ చెప్పమంది."

మైల ఇంట్లో పైవాళ్ళు భోంచెయ్యరు. అది నాకు ఒకరు చెప్పాలా, పురోహితుడి కొడుకుని! "అయ్యో పాపం" అని నిజంగానే బాధపడ్డాను. ఆ గురువారం పస్తున్నాను. పై గురువారమూ పస్తే. సాయంత్రం ల్యాబులో కళ్ళు తిరిగి బల్ల పట్టుకు నిలబడ్డాను. ఆ పక్క బల్ల దగ్గర వాడూ, వాడి నేస్తాలూ ఒకర్నొకరు మోచేత్తో పొడుచుకుంటున్నారు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

మైల తీరిందని మూడో గురువారం వెళ్ళాను. వసారాలో పడక్కుర్చీలో ఎవరో పెద్దాయన పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. పిన్నిగారు గుమ్మంలోకి వచ్చింది. పెద్దల ఇంట మాట్లాడే తీరు మా నాన్న నేర్పాడు కదా, చేతులు కట్టుకుని, "మీ బావగారు పోయారని తెలిసి చాలా బాధపడ్డానండి పిన్నిగారూ. ఆయన ఆత్మకు శాంతి కలగాలండి," అన్నాను.

పేపరు కిందికి దిగింది.

"ఎవడ్రా పోయింది? నేనా?" అన్నాడు బాపట్ల పెదనాన్న.

"మీ అబ్బాయే చెప్పాడండి" అన్నాను. వాడు లోపలినుంచి వచ్చి, "నేనెప్పుడు చెప్పాను? వీడికి మతిగాని పోయిందా ఏంటి?" అన్నాడు తడుముకోకుండా. ఇద్దరిలో ఎవరి మాట నమ్ముతారు? ప్లీడరుగారు చేతిలో కాగితాలు విసిరికొట్టి, "నిక్షేపంలాంటి మనిషిని పట్టుకుని ఏం నోరురా అది, అశుభపు నోరు! ఈ ఇంట నీకు వారం లేదు, ఫో," అన్నాడు. పిన్నిగారు ఏదో అనబోయింది. ఆయన ఒక్క చూపు చూశాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను వీధిలోకి వచ్చేసరికి పెరటి గోడ పక్కనుంచి వాడి నవ్వు వినిపించింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం!

మర్నాడు వాడు ఏమీ ఎరగనట్టు వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "సరదాకి చేశాన్రా, పందెం కాశాం. నాన్నకి నేను సర్దిచెప్తాలే. నువ్వు మాత్రం హాజరు పలకడం మానకు. పరీక్షలయ్యేలోపు నీ గురువారం నీకిప్పిస్తా."

"అలాగే," అన్నాను.

అప్పుడే మనసులో నిశ్చయించుకున్నాను. కొట్టడానికి నాకు ఒంట్లో సత్తువ లేదు, తిట్టడానికి వెనక అండ లేదు. నాకున్నదల్లా నోరు. అది మూసుకున్నాను.

ఆ రోజు మొదలు లెక్చరరు వాడి నెంబరు పిలిచినప్పుడల్లా నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఒక్క క్షణం నిశ్శబ్దం, తర్వాత కలం గీత, ఆ తర్వాత పై నెంబరు. అబ్బ, ఆ క్షణం ఎంత బాగుండేదో చెప్పలేను! సాయంత్రం వాడు "పలికావా?" అంటే "పలక్కేం" అనేవాణ్ణి. గురువారాలు బావి నీళ్ళు తాగి పడుకునేవాణ్ణి. కడుపు కాలే కొద్దీ పట్టుదల పెరిగింది. వాళ్ళ నాన్నకి డాక్టర్లు తెలుసు, సర్టిఫికెట్టు తెచ్చి కొంత పూడుస్తాడు. పూడ్చినా చాలనంత గొయ్యి తవ్వాలి. నాలుగు నెలలు తవ్వాను.

పరీక్షల ముందు నోటీసు బోర్డులో జాబితా పెట్టారు. హాజరు చాలనందువల్ల పరీక్షకు అర్హత లేనివాళ్ళు. వాడి నెంబరు అందులో ఉంది. ప్లీడరుగారు ప్రిన్సిపాలు గదికి రెండుసార్లు తిరిగాడు. పని జరగలేదు. ఏడాది పోయింది.

వాడు మెట్ల దగ్గర నా చొక్కా పట్టుకున్నాడు. "పలకలేదు కదరా నువ్వు?"

"ఎలా పలుకుతాను? మీ పెదనాన్న పోయాడుగా, మాట రాలేదు," అన్నాను. వాడి చెయ్యి సడలిపోయింది. ఆ పూట నేను నడుస్తూ ఈల వేశాను. జన్మలో అదే మొదటిసారి.

నాలుగు రోజుల తర్వాత పిన్నిగారు మనిషి చేత కబురు పెట్టింది, గురువారం భోజనానికి రమ్మని. ఎగిరి గంతేసి వెళ్ళాను. అన్నం కోసం కాదు, వాడి మొహం చూడ్డానికి. ప్లీడరుగారు కోర్టుకి పోయాడు. ఈసారి వసారాలో కాదు, లోపల వంటింటి ముందు నాకు విస్తరి వేసింది. పప్పు, వంకాయకూర, నెయ్యి. నేను కూర్చున్నాక ఎదురుగా పీట మీద కూర్చుంది.

"వాడు నాకంతా చెప్పాడు నాయనా. మైల సంగతీ, హాజరు సంగతీ. ఆ రెండు గురువారాలూ నీ విస్తరి వేసి రెండు గంటల దాకా చూశాను. నువ్వు రాకపోతే, చెప్పకుండా మానేశాడే అని నిన్నే అనుకున్నాను."

నేను తల వంచుకుని అన్నం కలుపుతున్నాను.

"వాడికి తగిన శాస్తే జరిగింది. కాదనను. కాని మూడు రోజులైంది, వాడు మెతుకు ముట్టలేదు. ఆ గదిలో తలుపేసుకుని పడుకున్నాడు. నేను పిలిస్తే పలకడం లేదు. నీ గొంతు వింటే సిగ్గుపడి అయినా లేచి వస్తాడు. ఒక్క పిలుపు పిలవ్వూ?"

గది తలుపు నాకు నాలుగడుగుల దూరంలో ఉంది. అవతల మంచం కిర్రుమన్న చప్పుడు కూడా వినిపించింది. ల్యాబులో బల్ల పట్టుకుని నిలబడ్డ సాయంత్రం గుర్తొచ్చింది, వాడి మోచెయ్యి గుర్తొచ్చింది. నా నోట మాట రాలేదు. రానివ్వలేదు. పప్పన్నం తిన్నాను, కూర మళ్ళీ వేయించుకున్నాను, మజ్జిగ తాగాను. విస్తరి తీసి, చెయ్యి కడుక్కుని, చెప్పులేసుకున్నాను.

ఆవిడ వీధి గుమ్మం దాకా వచ్చింది. కోప్పడుతుందేమో అనుకున్నాను. కోప్పడితే బాగుండేది.

"పై గురువారం కూడా రా నాయనా. పరీక్షల రోజులు, కడుపు మాడ్చుకోకు," అంది.

నేను మళ్ళీ వెళ్ళలేదు. ఆవిడ మొహం చూడలేక పరీక్షలయ్యేదాకా గురువారాలు పస్తే ఉన్నాను.