నోటితో నాలుగు వారాలు

కోర్టు వెనక వీధిలో ఆమెది ఇరుకైన జిరాక్స్ షాపు. రెండు మిషన్లు, ఒక స్టూలు, గోడ పొడవునా కాగితాల కట్టలు. పదహారేళ్లుగా ఆ కౌంటరు వెనక నిలబడి నిలబడి, అవతలి మనిషి పట్టుకున్న కాగితాన్ని తలకిందులుగానే చదివేయడం ఆమెకు అలవాటైపోయింది. ఎవరి ఇల్లు ఎవరికి పోతోందో, ఎవరు ఎవరి నుంచి విడిపోతున్నారో వాళ్లు నోరు విప్పకముందే తెలిసిపోయేది. తెలిసినా ఏనాడూ పైకి అనేది కాదు. ఎన్ని కాపీలు కావాలని మాత్రం అడిగేది.

భర్త లిఫ్టు మెకానిక్కు. తోటివాళ్లు అతన్ని ‘ఎనిమిదో అంతస్తు’ అని పిలిచేవారు. ఒకసారి తను బాగుచేస్తున్న లిఫ్టులో తనే ఎనిమిదో అంతస్తు దగ్గర నాలుగు గంటలు ఇరుక్కుపోయాడు. తలుపు తెరిచి బయటికి లాగితే, భయపడ్డావా అని అడిగినవాళ్లతో, “ముందు తినడానికేమైనా ఉందేమో చూడండ్రా” అన్నాడట. తిండంటే అంత ఇష్టం. ఇంట్లో వంట సగం అతనే చేసేవాడు, చేస్తూ రుచి చూసే వంకతో సగం తినేసేవాడు కూడా.

అలాంటి మనిషికి నాలుక మొదట్లో కాన్సరు వచ్చింది.

ముప్పై అయిదు రోజులు రేడియేషను, వారానికోసారి నరంలోకి మందు. మూడో వారం వచ్చేసరికి గొంతంతా లోపల కాలిపోయి, మంచినీళ్లు తాగాలన్నా కళ్లనీళ్లు కారేవి. అప్పుడు పొట్ట పైభాగంలో చిన్న కన్నం చేసి, నేరుగా కడుపులోకి గొట్టం పెట్టారు. మూరెడు గొట్టం బయటికి వేలాడుతూ ఉంటుంది. దాన్ని చుట్టచుట్టి పొట్టకి ప్లాస్టరుతో అంటించి, పైన చొక్కా వేసుకోవాలి. డబ్బాలో పొడి నీళ్లలో కలిపి, లావుపాటి సిరంజిని గొట్టానికి తగిలించి, పైకెత్తి పట్టుకుని పోస్తే అదే మెల్లగా దిగుతుంది. రోజుకి ఆరుసార్లు పోయాలి. పోసిన ప్రతిసారీ ముందూ వెనకా మంచినీళ్లతో గొట్టం కడగాలి.

ఆ పని ఆమెదే. పొద్దున షాపుకి వెళ్లేలోపు రెండుసార్లు, మధ్యాహ్నం షట్టరు సగం దించి ఇంటికి పరుగెత్తి ఒకసారి, సాయంత్రం తిరిగొచ్చాక మూడుసార్లు. చెయ్యెత్తి పట్టుకుని పట్టుకుని కుడి భుజం పట్టేసింది. కానీ ఒక సుఖముంది. పోస్తే పోసినట్టే. ఆరుసార్లు అయ్యాయా, ఆ రోజుకి అతను బతికినట్టే. ఇక దాని గురించి ఆలోచించక్కర్లేదు.

చికిత్స అయిపోయి అయిదు నెలలైంది. స్కానింగులో కాన్సరు ఆనవాలు లేదన్నారు. చుట్టాలందరికీ ప్రాణం లేచొచ్చింది, ఫోన్లు చేసి సంతోషపడ్డారు, ఆ తరవాత ఫోన్లు తగ్గించారు. ఇంట్లో మాత్రం గొట్టం అలాగే ఉంది.

“తీసేయడానికి నాకేం అభ్యంతరం లేదు,” అన్నాడు డాక్టరు. “నాలుగు వారాలు అంతా నోటితోనే తినాలి. గొట్టంలో మంచినీళ్లు తప్ప ఏమీ పోయకూడదు. అవి కూడా మూసుకుపోకుండా కడగడానికే. బరువు తగ్గకూడదు. అలా నాలుగు వారాలు గడిస్తే తీసేద్దాం.”

మింగడం నేర్పే అమ్మాయి ఒకతె ఉంది ఆస్పత్రిలో. ఆ పిల్లకి అతను ‘మింగుడు టీచరు’ అని పేరు పెట్టాడు. ఎక్స్‌రే ముందు కూర్చోబెట్టి తెల్లటి ద్రవం తాగించి చూసింది. ఊపిరితిత్తుల్లోకి ఏమీ పోవడం లేదు. “మీ గొంతు పనిచేస్తోంది సార్. అయితే దానికి పని అలవాటు తప్పింది. వాడకపోతే ఇంకా బిగుసుకుపోతుంది. గడ్డం కిందకి వంచి మింగండి, ముద్ద ముద్దకీ ఒక గుక్క నీళ్లు తాగండి,” అని చెప్పింది.

ఇల్లు చేరాక మొదలైంది అసలు పని. నోట్లో ఉమ్మి ఊరదు. రుచి తెలియదు. మెత్తగా ఉడికించిన బంగాళాదుంప చిదిమి పెడితే తడిపిన అట్టముక్కలా ఉందన్నాడు. గుడ్డు రబ్బరు, పాలల్లో నానబెట్టిన బ్రెడ్డు దూది అన్నాడు. ఒక కప్పు జావ తాగడానికి ముప్పావుగంట పట్టేది, భోజనానికి గంటన్నర. రోజుకి అయిదుసార్లు తినాలి. ఒకసారి తిని లేచి నడుం వాల్చేసరికి మళ్లీ తినే వేళయ్యేది. మధ్యాహ్నం ఆమె షాపులోనే ఉండిపోయేది, మిగతా పూటలు అతను తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుని గొంతుముడి కదలడం చూసేది. ముద్ద దిగితే ఆమె ఊపిరి వదిలేది. ఆగితే ఆమె ఊపిరీ ఆగేది.

“అట్లా పరీక్ష హాల్లో మేస్టార్లా చూడకు,” అన్నాడు ఒకరోజు. “ఉన్న గొంతు కూడా బిగుసుకుపోతోంది.”

“సరే, చూడనులెండి,” అని తల తిప్పుకుంది. కాసేపటికి మళ్లీ చూసింది.

రెండో వారం చివర్లో ఒక సాయంత్రం షాపు నుంచి వచ్చి, గొట్టం కడుగుదామని సిరంజి చేతిలోకి తీసుకుంది. దాని లోపలి రబ్బరు అంచున తెల్లటి పొర ఎండి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. వెనిలా వాసన. పొడి డబ్బా వాసన.

అర్థమైంది. మధ్యాహ్నం తను లేనప్పుడు అతను గొట్టంలో పోసుకుంటున్నాడు.

అతను ముందుగదిలో కిటికీ పక్కన కళ్లు మూసుకుని కూర్చుని ఉన్నాడు. వెళ్లి అడగాలి. నిలదీయాలి. కానీ ఆమె సిరంజి పట్టుకుని అక్కడే నిలబడింది. కోపం వస్తుందని ఎదురుచూసింది, అది రాలేదు. వచ్చింది వేరే. అమ్మయ్య అనిపించింది. రోజుకి ఒకసారైనా లెక్కగా కడుపులోకి తిండి పోతోంది. ఆ ఒక్క పూటా ముద్ద దిగిందో లేదోనని షాపులో కూర్చుని బెంగపడక్కర్లేదు. ఆమె సిరంజిని వేడినీళ్లలో శుభ్రంగా కడిగి, ఎక్కడిది అక్కడ బోర్లించింది. ఆ రోజు ఏమీ అనలేదు. మర్నాడూ అనలేదు. అలా ఇంకో రెండు వారాలు తెలిసీ తెలియనట్టు ఊరుకుంది.

నాలుగు వారాలు నిండాక ఆస్పత్రికి వెళ్లారు. నర్సు తూకం చూసి, “అరవై ఒకటీ నాలుగొందలు. రెండొందలు పెరిగారు,” అంది. డాక్టరు ముఖం విప్పారింది. “భేష్. అన్నీ నోటితోనేనా?”

“నోటితోనే,” అన్నాడు అతను. ఆ బొంగురు గొంతులో అబద్ధం ఏదో నిజం ఏదో పరాయివాళ్లు పోల్చుకోలేరు.

“అయితే గురువారం రండి, తీసేద్దాం.”

డాక్టరు కాగితం మీద తారీకు రాస్తున్నాడు. ఆమె అలవాటు కొద్దీ దాన్ని తలకిందులుగా చదివింది. గొట్టం తీయుట, గురువారం, పదిన్నర. గురువారం తీసేస్తే శుక్రవారం మధ్యాహ్నం అతను ఏం తింటాడు? మింగలేకా కక్కలేకా ఉండిపోయిన మాట అప్పుడు బయటికొచ్చింది.

“డాక్టరుగారూ, మధ్యాహ్నాలు గొట్టంలోనే పోసుకుంటున్నారు.”

డాక్టరు కలం ఆగింది. అతను నేలకేసి చూస్తున్నాడు.

“మీకు ఎప్పటినుంచి తెలుసమ్మా?” అన్నాడు డాక్టరు.

“రెండు వారాలైంది,” అని, ఇంకేమీ దాచే ఓపిక లేక, “నాకూ అదే నయమనిపించిందండీ,” అంది.

డాక్టరు తిట్టలేదు. రాసిన తారీకు కొట్టేశాడు. “మళ్లీ ఇవాళ్టి నుంచి నాలుగు వారాలు లెక్క. ఈసారి ఇద్దరూ,” అన్నాడు.

బస్సులో అతను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. సాయంత్రం జావ కప్పు ముందు పెట్టాక, కదపకుండా దాన్నే చూస్తూ అన్నాడు.

“నాకు సిగ్గుగా ఉంది. నువ్వు చెప్పినందుకు కాదు.”

ఆమె ఎదురుగా కూర్చుంది.

“తినడం నాకు ఉద్యోగమైపోయింది. పొద్దున లేస్తే డ్యూటీ. సెలవు లేదు. పొద్దున పూట ఎలాగో లాక్కొస్తాను. మధ్యాహ్నానికి దవడ నొప్పెడుతుంది. అవతల ఆ గొట్టం చూస్తే, అయిదు నిమిషాల పని. పోసుకుని పడుకునేవాణ్ని. రెండు గంటలు ఒళ్లు తెలీకుండా నిద్రపట్టేది.”

“మరి నాకు చెప్పొచ్చుగా.”

“చెబితే నువ్వు పోస్తానంటావు. నీ భుజం నేను చూడ్డం లేదనుకున్నావా?”

ఆమె లేచి వెళ్లి పొడి డబ్బాలు మూడూ సంచిలో వేసింది. మళ్లీ ఎప్పుడైనా కావాల్సి వస్తుందేమోనని పారేయలేదు. పక్కవీధిలో ఉండే అతని అక్క ఇంటికి తీసుకెళ్లింది.

ఆడపడుచు సంచి అందుకుంటూ, “ఎందుకమ్మా ఈ హింస? గొట్టం ఉంటే ఏం నష్టం చెప్పు. కనపడుతుందా ఏమన్నా, చొక్కా కిందేగా ఉండేది. చలికాలం పోనీయండి,” అంది.

“చలికాలం పోయాక వేసవి వస్తుంది వదినా. అప్పుడు నీరసమంటాం,” అంది ఆమె.

రెండో విడత నాలుగు వారాలు మొదటి దానికన్నా కష్టంగా గడిచాయి. మధ్యాహ్నాలు షాపు మూసి ఇంటికి వస్తానంది ఆమె. వస్తే కాపలా కాస్తున్నట్టు ఉంటుందని అతనే వద్దన్నాడు. మింగుడు టీచరు సలహా మీద తిండి వేళలు మార్చారు. ఒళ్లు బాగా అలిసే మధ్యాహ్నం వేళ ముద్దలు మానేసి, వెన్న కలిపిన చిక్కటి సూపు. గట్టి తిండి పొద్దున పూట. నోరు తెరుచుకోవడానికి ఐసుక్రీము చెక్కపుల్లలు ఒకదానిమీద ఒకటి పెట్టి పళ్ల మధ్య దూర్చే కసరత్తు, రోజుకి మూడుసార్లు. మొదటి వారం కిలో పైన తగ్గాడు. ఆ వారం ఆమె షాపులో మూడుసార్లు తప్పు కాగితాలు కాపీ తీసింది. ఒక వకీలు గుమాస్తా, “ఏంటమ్మా, ఎప్పుడూ లేంది,” అన్నాడు. ఒంట్లో బాలేదని చెప్పింది. అబద్ధమేమీ కాదు.

రెండో వారం ఇంకో రెండొందలు పోయింది. తరవాత తూకం ముల్లు కదలడం మానేసింది. తగ్గలేదు, పెరగలేదు.

ఈసారి డాక్టరు ముఖం విప్పారలేదు. “అరవై. అంటే కిలోన్నర దాకా పోయింది, కానీ ఆగింది. ఇది అటూ ఇటూ కాని చోటు. ఇవాళ తీసేయమన్నా తీస్తాను. ఇంకో నెల చూద్దామన్నా తప్పు లేదు. ఉంటే ధైర్యం. కానీ అది ఉన్నన్నాళ్లూ గొంతు దానిమీద వాలుతుంది. చెప్పండి.”

అతను భార్యవైపు తిరిగాడు. “నువ్వేమంటావు?”

ఇన్నాళ్లూ ఆ ప్రశ్నకి జవాబు తన దగ్గరుందనే ఆమె అనుకుంది. వెతికితే దొరకలేదు. తొమ్మిది నెలల అలసట తప్ప లోపల ఇంకేమీ తగల్లేదు.

“నన్ను అడక్కండి,” అంది. “ఉన్నా భయమే నాకు, తీసేసినా భయమే. మీ పొట్ట, మీ గొంతు. మీకు ఎట్లా ఉందో అదే చెప్పండి.”

అతను చొక్కా మీదనుంచే గొట్టం చుట్టని తడుముకున్నాడు.

“లిఫ్టు తిరిగే షాఫ్టులోకి దిగాలంటే నడుముకీ పొట్టకీ బెల్టు బిగించాలి డాక్టరుగారూ. ఇది ఉంటే బెల్టు కుదరదు. కానీ దానికోసం అడగడం లేదు. ఒకటి చెప్పండి. తీసేశాక నావల్ల కాకపోతే మళ్లీ పెడతారా?”

“పెడతాం. మళ్లీ చిన్న ఆపరేషను. బాగుండదు, కానీ పెడతాం.”

“అప్పుడు ఓడిపోయానంటారా?”

“అనను. ఇంకా తినడం రాలేదంటాను.”

“అయితే తీసేయండి,” అన్నాడు.

తీయడానికి నిమిషం పట్టలేదు. గొట్టం జారిపోకుండా లోపల నీళ్లు నింపిన చిన్న బుడగ ఉంటుందట. నర్సు సిరంజితో ఆ నీళ్లు లాగేసి, దగ్గమంది. అతను దగ్గాడు. గొట్టం చేతిలోకి వచ్చేసింది. పొట్ట మీద చిటికెనవేలు దూరేంత కన్నం మిగిలింది. “దాని దారిన అదే పూడుతుంది, కుట్లు అక్కర్లేదు,” అని దూదిగుడ్డ మడిచి అతికించింది నర్సు. గొట్టం చూస్తారా అని అడిగింది. ఇద్దరూ వద్దన్నారు.

ఆ సాయంత్రం టీ తాగాడు. కాసేపటికి చొక్కా ముందు తడి కనపడింది. ఆమె పరుగున వచ్చింది. కట్టు విప్పి చూస్తే టీ.

“పైనుంచి పోస్తే పక్కనుంచి వస్తోంది,” అన్నాడు అతను. “టీలో చక్కెర సరిపోయిందో లేదో చూసుకో, నాకెటూ తెలీదు.”

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతుంటే ఎందుకో ఆగలేదు, కాసేపటికి అది ఏడుపైంది. అతను కొత్త దూదిగుడ్డ మడిచి ఇచ్చాడు. నర్సుకి ఫోను చేస్తే రెండు రోజులు అలాగే ఉంటుందంది. మూడో రోజుకి కట్టు పొడిగా ఉంది. వారానికి కన్నం పూడి బొడ్డు పైన ఇంకో చిన్న బొడ్డులా సొట్ట మిగిలింది.

నెలన్నర తరవాత పనిలోకి వెళ్లాడు. షాఫ్టులోకి ఇంకా పంపించడం లేదు, వర్కుషాపులో కూర్చుని బటన్ల పలకలు విప్పి తుడిచి బిగించే పని ఇచ్చారు. భోజనం వేళ అందరూ తిని లేచాక కూడా నీళ్ల సీసా పక్కన పెట్టుకుని ఒక్కడే తింటూ ఉంటాడట. ‘ఎనిమిదో అంతస్తు’ ఇంకా మెట్లెక్కి వస్తున్నాడని తోటివాళ్లు ఏడిపిస్తారట. ఒక నెల కిలో తగ్గుతాడు, ఒక నెల అర పెరుగుతాడు. జలుబు చేసి ముద్ద దిగని వారం ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. అది కూడా గడిచింది.

ఆడపడుచు ఒక మధ్యాహ్నం షాపుకి ఫోను చేసింది. సంచిలో డబ్బాలు ఇంకా తన దగ్గరే ఉన్నాయని, ఎవరికైనా ఇచ్చేయమంటావా అని అడిగింది. ఇచ్చేయమంది ఆమె.

“అయితే తమ్ముడు మామూలుగా తింటున్నాడన్నమాట.”

“మామూలుగా కాదు వదినా,” అంది ఆమె, కౌంటరు మీద ఎవరో పెట్టిన కాగితాలు సర్దుతూ. “తింటున్నారు.”