మైకులో మా నాన్న మాట

2003లో నేను టెక్కలిలో డిగ్రీ చదువుతున్నప్పుడు, ఒక ఇంగ్లీషు మాట తీసుకుని దాని అర్థం, పుట్టుక తెలుగులో వివరించే పోటీ పెట్టారు. నేను ‘స్వే’ (sway) ఎంచుకున్నాను. ఊగడమూ అదే, ఎదుటివాళ్ళను మన వైపు తిప్పుకోవడమూ అదే. ‘వంచడం’ అనే పాత అర్థం నుంచి వచ్చిందని నిఘంటువులో ఉంది. వంగడానికీ ఎదుటివాళ్ళను తిప్పుకోవడానికీ పొత్తేమిటో బారువలో చేపలవేటకెళ్ళే మా నాన్నే తేల్చేశాడు.

"కెరటం మీద బిగుసుకుని నిలబడితే పడిపోతామమ్మా. దాంతోపాటు ఒంగితేనే తెప్ప మన మాట ఇంటాది."

సంబరం ఆగక అదంతా నా ప్రాణస్నేహితురాలు సుజాతకు చెప్పాను. వాళ్ళది ఉద్దానంలో జీడితోటలున్న కుటుంబం. పోటీలో ముందు ఆమెనే పిలిచారు.

"మా నాన్న తెప్ప మీద నిలబడి..." అని మొదలుపెట్టి, నేను చెప్పిందంతా పొల్లుపోకుండా అప్పజెప్పింది. హాలంతా చప్పట్లు. తర్వాత నన్ను పిలిస్తే, నా పేరు కొట్టేయమన్నాను.

ఆ రోజు నా కోసం వేట మానుకుని వచ్చి, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ నాన్న, బయటికొచ్చాక మురిసిపోతూ అడిగాడు.

"ఆ పాప అచ్చం నా మాటే సెప్పిందే! ఆల నాన్న కూడా వేటకెల్తాడేటమ్మా?"

"అవును నాన్నా" అన్నాను.

నా చేత ఆయనకి ఆ అబద్ధం చెప్పించినందుకు సుజాతను ఈరోజుకీ క్షమించలేదు.