మందు కొట్టిన గోడ

పొద్దటి నుంచి ముసురు. గోలెంలో నీళ్లు పారబోసి, అడుగున పాకురు గీకి కడిగాను. అంతలో మా వాడకు దోమల మందు కొట్టేవాళ్లు వచ్చారు. ఆ ఘాటు వాసనకు చందుర్తిలో మా మట్టి ఇల్లు గుర్తొచ్చింది. గోడల నిండా మందు తెల్లచారలు, తలుపు మీద సుద్దతో రాసిన తారీఖు. మీ ఇళ్లలోనూ ఉండేవి కదా?

బతుకమ్మ పండుగకు అందరం గోడలు ఎర్రమట్టితో అలికేవాళ్లం. ఒక ఏడు మందు కొట్టిన వారానికే అలికాం. ఆ చలికాలం చెల్లెకు మలేరియా వచ్చింది. అమ్మ చేదు మాత్రలు బెల్లంలో పెట్టి మింగించి, నోరు తెరిపించి చూసేది. జ్వరం తగ్గాక కూడా, మాత్రలు అయిపోయేదాకా వదల్లేదు.

అలికితే మందు మట్టి కింద కప్పడిపోతుందని, గోడ మీద వాలిన దోమ చావదని మరుసటేడు మందు కొట్టే ఆయన చెప్పాడు. ఆ ఏడు పండుగకు వచ్చిన మేనత్త మట్టి కలపబోతే అమ్మ తట్ట లాక్కుంది.

"ఏంది పిల్లా, గోడలు కాకులు రెట్టేసినట్టున్నయి. బతుకమ్మ ఆడొచ్చినోళ్లు నవ్వరా?"

"నవ్వనియ్యి వదినె. పోయినేడు గొంగళ్లు కప్పినా బిడ్డ వణుకు ఆగలే. గోడ ముట్టద్దు."

"గట్లయితే వాకిలన్న అలుకనిస్తవా?"

"వాకిలి నీ ఇష్టం."

సద్దుల బతుకమ్మ తెల్లారి అత్త మొదటి బస్సుకు వేములవాడ వెళ్లిపోయింది. ఆ చలికాలమంతా చెల్లె రోజూ బడికి వెళ్లింది.