మళ్లీ ఆడాలన్న షరతు

పోటీకి ముందు బాక్సర్లిద్దరూ, అంటే మా ఆయనా ఆయన ప్రత్యర్థీ, ఒకరినొకరు రెచ్చగొట్టుకునే వీడియోను ఫోన్‌లో చూస్తున్నాను. మా ఆయన కుడి చెవిని ప్రత్యర్థి వైపు తిప్పారు. నాకు భయం అక్కడే మొదలైంది.

కరోనా రోజుల్లో, సూరత్‌లో జనం లేని హాల్లో ఆయన అదే ప్రత్యర్థిని ఓడించి చాంపియన్ బెల్టు తెచ్చుకున్నారు. ఓడిన చాంపియన్ అడిగితే మళ్లీ ఆడాలి, లేదంటే బెల్టు వదులుకోవాలి. ఆ షరతుకు ముందే సంతకం పెట్టారు, ఇప్పుడు అతను అడిగాడు. ఆ రోజు ఎడమ చెవికి తగిలిన దెబ్బ సంగతి మాత్రం ఇంట్లో చెప్పలేదు.

వీడియోలో ఆ ప్రత్యర్థి, సూరత్‌లోని భేస్తాన్‌లో పెరిగిన తెలుగు కుర్రాడు, నవ్వాడు.

"ఏంది అన్నా, గట్ల తిరుగుతున్నవ్? ఎడమ చెవి ఇనస్తలేదా? జర ఆగు, రెండోది గూడ మూస్త!"

"మూసెయ్ తమ్మీ, నీ సోది తప్పుతది," అన్నారు ఈయన. అక్కడున్న వాళ్లంతా నవ్వారు.

నేను లేచి వెళ్లి, అన్నం తింటున్న ఆయన ఎడమ పక్కన నిలబడి మెల్లగా పిలిచాను. పలకలేదు. కుడి వైపుకు వచ్చి, "బెల్టు ఇచ్చెయ్యండి," అన్నాను. చేతిలో ముద్ద కంచంలో పెట్టి తలూపారు.

పొద్దున పిల్లలకు చెప్పాను: "నాన్న ఇక ఆ పోటీ ఆడరు. గల్లీలో ఎవరైనా మీ నాన్న భయపడ్డాడంటే, కాదు, భయపడింది మా అమ్మ అని చెప్పండి."