చూద్దాంలెండి

నా ఇంగ్లీషంటే నాకు మహా పొగరు. పటమట బడిలో ముప్పయ్యేళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పి, రిటైరయ్యాక కోర్టు కాగితాలు తెలుగులోంచి ఇంగ్లీషులోకి మార్చే పని పెట్టుకున్నాను. ఆ పొగరే ఒక అమ్మాయి కొంప ముంచింది.

ఆ అమ్మాయి నర్సు. ఆదివారాలు చర్చిలో పాడేది. ఆ పాటల వీడియోలు చూసి, పేరూ ఊరూ దాచిన ఒకడు చాటింగ్‌లో పరిచయం పెంచుకున్నాడు. ఫొటోలు పంపమని సతాయించాడు. ఆమె పంపలేదు. వెధవ, ఆమె ముఖాన్ని ఇంకెవరి ఒంటికో అతికించి ఒక విదేశీ సైట్లో పెట్టాడు. ఆ సైటువాళ్లు చెబితేగాని వాడెవడో తెలియదు. అందుకని మన కోర్టు ఆ దేశపు కోర్టుకు సాయం కోరుతూ లేఖ పంపింది. దానికి జతచేసిన చాటింగ్ అంతా అనువదించింది నేనే.

ఫొటో అడిగిన ప్రతిసారీ ఆమె జవాబు ఒకటే: "చూద్దాంలెండి." మనవైపు అంతే కదా! సంబంధం నచ్చకపోయినా మొహం మీద కాదనం, చూద్దాంలెండి అంటాం. అవతలివాళ్లు అర్థం చేసుకుని లేచిపోతారు. ఇంత తెలిసీ నేను మాటకు మాట వేసి, చూద్దాం అన్న అర్థమే ఇంగ్లీషులో రాసిపారేశాను. కింద ఒక్క ముక్క వివరణ రాస్తే ఏం పోయేది? బుద్ధి గడ్డి తింది.

నెలల తర్వాత అక్కడినుంచి ప్రశ్న వచ్చింది. అడిగినప్పుడల్లా చూద్దాం అందంటే ఈమె ఒప్పుకున్నట్టే ఉంది, నేరం ఎలా అవుతుందని. వివరణ పంపాం. అది అన్ని ఆఫీసులూ దాటి చేరాక సైటువాళ్లు ఫొటోలైతే తీసేశారు. ఎవరు పెట్టారో చెప్పే రికార్డులు మాత్రం అప్పటికే గడువు తీరి చెరిగిపోయాయి.

బెంజ్ సర్కిల్ దగ్గర లాయరు గారి ఆఫీసులో ఆమెకు ఈ సంగతి చెప్పారు. నేనూ అక్కడే ఉన్నాను.

"ఫొటోలు పోయాయి కదమ్మా, అదే పదివేలు," అన్నారు లాయరు గారు.

"వాడెవడో తెలియాలండీ నాకు. చర్చిలో ఎవరు పలకరించినా వీడేనేమో అనిపిస్తంది. పాడటం మానేశానండీ." తర్వాత నావైపు తిరిగింది. "నేను ఒప్పుకున్నానని వాళ్లకెవరు చెప్పారు మాస్టారూ?"

నేనేనమ్మా అనాలి.

"వాళ్లకు మన తెలుగు ఏం తెలుస్తుందమ్మా," అన్నాను.

"నిజమేనండీ. మీలాంటివాళ్లు అక్కడ ఒక్కరున్నా బాగుండేది," అంది.