మూత తీస్తే పాత పాయింట్లే

నా పాత స్పోర్ట్స్ కారు వానాకాలంలో స్టార్ట్ అవడానికి మొరాయించేది. స్పార్క్ ఇచ్చే పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టిద్దామని దాని కిట్ తెప్పించి, మండపేటలో మెకానిక్ షెడ్డు నడిపే నా చిన్ననాటి స్నేహితుడికి ఇచ్చాను.

"పెట్టేశాను, ఇక దిగుల్లేదురా," అన్నాడు.

నెల తిరక్కుండానే సామర్లకోట దారిలో, వానలో కారు ఆగిపోయింది. కొత్త ఇగ్నిషన్ పెట్టించానని చెబితే, అక్కడి మెకానిక్ ఇంజన్లో పాయింట్లుండే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి చూశాడు.

"కొత్తదేదండీ? ఇవి పాత పాయింట్లేనండి."

మర్నాడు షెడ్డుకు వెళ్లి స్నేహితుణ్ణి నిలదీశాను. వాడు తల ఎత్తలేదు.

"నా జీపుకి పెట్టుకున్నాన్రా. నువ్వు ఆదివారాలే కదా బండి తీసేది."

అడిగి ఉంటే నేనే ఇచ్చేవాణ్ణి. ఆ మాట చెప్పాలనిపించలేదు. ఆ కిట్‌నీ వెనక్కి అడగలేదు. మళ్లీ ఆ షెడ్డు గుమ్మం తొక్కలేదు.