ఓవర్‌బ్రిడ్జి ఎక్కని ఎర్ర కారు

కరోనా భయం తగ్గిన మరుసటి ఏడాది, ఫిబ్రవరి నెల. తాడేపల్లిగూడెంలో రైల్వే ఓవర్‌బ్రిడ్జికి కాస్త ఇవతల ఉన్న నా మెకానిక్ షెడ్డుకి ఏలూరు నుంచి ఒక ఎర్ర కారు వచ్చింది. వచ్చింది అనకూడదు, మినీ లారీ మీద ఎక్కించి తీసుకొచ్చారు. రెండే సీట్లు, గుడ్డ టాపు, నేలని రాసుకుంటున్నట్టుండే ఒళ్లు. ఎప్పుడో ఇంగ్లండు నుంచి ఓడలో దిగిన స్పోర్ట్స్ కారు. నేను చేతిలో టీ గ్లాసు పక్కన పెట్టేశాను. పెట్రోలు ఇంజన్ల మీద బతికినవాడికి అలాంటిది కనపడితే టీ ఎక్కడ దిగుతుంది?

కారుతో పాటు కృష్ణమోహన్ గారు, ఆయన భార్య వరలక్ష్మి గారు దిగారు. ఆయన కాలేజీ ఆఫీసులో సూపరింటెండెంటుగా చేశారు. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. ఇద్దరూ రిటైరయ్యారు. ముందు మాట్లాడిందంతా ఆయనే.

“ఇదే ఆఖరు ప్రయత్నమండి మేస్త్రిగారూ. పాత కార్లు సేకరించే ఒకాయన ఆదివారం విశాఖపట్నం నుంచి వస్తున్నారు. మీ చేతిలో బాగుపడితే ఉంచుకుంటాం. లేకపోతే ఆయనకిచ్చేస్తామండి.”

“జబ్బేంటండీ?”

“చదును రోడ్డు మీద బానే పోతుందండి. బ్రిడ్జి ఎక్కిస్తే సగంలో ఆగిపోతుంది. వేడి మీద మళ్లీ స్టార్టవదు. ఇంజన్ మాత్రం భలే టకటకలాడుతుందండి, బలానికేం లోటు లేదు.”

ఆ మాటకి నాకు ఒళ్లు మండింది. ఆయన్ని అని లాభం లేదు, మా ప్రాంతమే అంత. ఉండి ఊరు నుంచి కొల్లేరు సరస్సు దాకా ఎక్కడ చూసినా చేపల చెరువుల మీద డీజిల్ ఇంజన్లే. డీజిల్‌కి ఆ మోత పుట్టుకతో వస్తుంది. అది వినీ వినీ మోత ఉంటేనే బలం అని అందరికీ స్థిరపడిపోయింది. పెట్రోలు ఇంజన్ ఎత్తు ఎక్కుతూ టకటకలాడిందంటే దానికి జ్వరం వచ్చినట్టు. మూలుగుతోంటే పాట పాడుతోందని మురిసిపోతున్నారు.

అంతవరకూ కారు అద్దం తుడుస్తూ నిలబడిన వరలక్ష్మి గారు అప్పుడు నోరు విప్పారు.

“కిందటి నెల ఏలూరు బ్రిడ్జి మీద ఆగిపోయినప్పుడు నడుపుతున్నది నేనేనండి. వెనక ఇసుక లారీ. కారు వెనక్కి జారింది. దాని డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. అప్పట్నుంచి ఈయన నన్ను తాళం ముట్టుకోనివ్వట్లేదు.”

“నీ మంచికే కదా,” అన్నారాయన.

“ఇది మా నాన్నగారి కారండి. నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పేవారు. స్టీరింగ్ మీద చెయ్యి వేస్తే మాత్రం కసిరేవారు. పెళ్లయ్యాక అల్లుడి చేతికిచ్చారు. నేను మళ్లీ పక్క సీట్లోనే. రిటైరయ్యాక పట్టుబట్టి డ్రైవింగ్ నేర్చుకున్నాను, లైసెన్సు తెచ్చుకున్నాను. ఈ ఒక్క కారు నడుపుదామనేనండి.”

కారు వెళ్లిపోతే పోయేది ఆయన సరదా కాదు, ఆవిడ కోరిక అని అప్పుడర్థమైంది. ఎలాగైనా ఈవిడ చేత బ్రిడ్జి ఎక్కించాలని మనసులో గట్టిగా అనుకున్నాను.

ఇలాంటి మోతకి ముందు చూసేది టైమింగ్, అదేమిటో రెండు మాటల్లో చెప్పాలి. సిలిండర్‌లో పిస్టన్ పైకొచ్చి పెట్రోలు ఆవిరిని నొక్కుతుంది. అది చిట్టచివరికి చేరబోతుండగా ప్లగ్ నిప్పురవ్వ వెయ్యాలి. దాన్నే ఇగ్నిషన్ టైమింగ్ అంటాం. రవ్వ మరీ ముందు పడితే, ఉయ్యాల ఇంకా మన వైపు వస్తుండగానే తోసినట్టు, దెబ్బ తిరిగి ఇంజన్‌కే తగులుతుంది. రవ్వ ఎప్పుడు పడాలో డిస్ట్రిబ్యూటర్ అనే భాగం చూసుకుంటుంది. దాన్ని చేత్తో కొద్దిగా తిప్పి సరిచేస్తాం. సరిపోయిందో లేదో తెలియడానికి ముందువైపు తిరిగే పుల్లీ మీద కంపెనీ వాళ్లు ఒక గీత గీసి ఉంచుతారు. రవ్వ పడ్డప్పుడల్లా మెరిసే టైమింగ్ లైట్ వేస్తే ఆ గీత, ఇంజన్ మీదున్న ముల్లుకి ఎదురుగా, కదలకుండా నిలబడినట్టు కనిపిస్తుంది.

నేను డిస్ట్రిబ్యూటర్ లోపలి పాయింట్లు శుభ్రం చేసి, ప్లగ్గులు మార్చి, లైట్ వేసి గీతని సరిగ్గా చోటుకి తెచ్చాను. మాది బల్లపరుపు నేల. ఇంజన్‌కి బరువు పెట్టి చూడాలంటే ఓవర్‌బ్రిడ్జి తప్ప వేరే కొండ లేదు. నేను చేసిన ఏ పెట్రోలు బండైనా టాప్ గేర్‌లో ఆ బ్రిడ్జి ఎక్కాకే ఓనరు చేతికి వెళుతుంది. ఈ కారు సగం దాకా ఎక్కింది. డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు ఒకటే మోత, ఆపైన ఆగిపోయింది. ఆటోల వాళ్లు నవ్వుకుంటూ కిందికి తోసి పెట్టారు. షెడ్డుకి వచ్చి స్పానర్ విసిరికొట్టాను.

మర్నాడు శనివారం. దంపతులిద్దరూ పొద్దున్నే వచ్చేశారు. మళ్లీ లైట్ వేసి చూపించాను. “చూడండమ్మా, గీత ఎక్కడుండాలో అక్కడే ఉంది. ఇంజన్ మాత్రం ఒప్పుకోవట్లేదు.”

ఆవిడ వంగి చూసి, “ఆ గీత ఉండాల్సిన చోటే ఉందని మనకెలా తెలుసండి?” అన్నారు, తరగతిలో పిల్లల్ని అడిగినట్టు.

నేను లైట్ ఆపి పుల్లీ దగ్గరికి వంగాను. ఆ పుల్లీ ఒకే ముక్క కాదు. లోపల ఒక చక్రం, బయట ఒక వలయం, మధ్యలో అదురు తగ్గించే రబ్బరు. ఇన్నేళ్లకి రబ్బరు పట్టు వదిలితే బయటి వలయం జారుతుంది. దాని మీదున్న గీతా జారుతుంది.

చీపురులోంచి గట్టి కొబ్బరి ఈనె ఒకటి లాగి, మధ్యలో ఇంకు చుక్క పెట్టి, మొదటి ప్లగ్ తీసిన రంధ్రంలోకి దింపి ఆవిడ చేతికిచ్చాను. నేను స్పానర్‌తో ఇంజన్‌ని మెల్లగా తిప్పాను. పిస్టన్‌తో పాటు ఈనె లేచింది. చుక్క రంధ్రం అంచుకి రాగానే ఆవిడ “ఆగండి” అన్నారు. ముల్లుకి ఎదురుగా పుల్లీ మీద సుద్దతో ఒక గీత పెట్టాను. ఇంకా తిప్పితే ఈనె కొంత లేచి మళ్లీ దిగింది. చుక్క అంచుకి రాగానే మళ్లీ “ఆగండి.” రెండో గీత.

“రెండింటికీ సరిగ్గా మధ్య. అదే పిస్టన్ శిఖరం, అంతేనా అండి?” అన్నారావిడ. దారంతో కొలిచి మధ్యన చుక్క పెట్టింది కూడా ఆవిడే. పాత గీత అక్కడికి బొటనవేలంత ఎడంగా ఉంది! అంటే ఆ గీతని నమ్మిన ప్రతి మెకానిక్కూ, నాతో సహా, రవ్వని చాలా ముందే వేయిస్తున్నాడు. ఇంజన్ వేడెక్కినా, మోగినా, మళ్లీ స్టార్టవకపోయినా దాని తప్పేం లేదు.

కొత్త చుక్క మీద తెల్ల పెయింటు వేసి, రవ్వ కాస్త ఆలస్యంగా పడేలా టైమింగ్ వెనక్కి తెచ్చాను. ఇంజన్ ఆపకుండానే బ్రిడ్జి మీదికి వెళ్లడం, చెవి పెట్టి వినడం, డిస్ట్రిబ్యూటర్ వెంట్రుకవాసి తిప్పడం. భోజనాల వేళకి గులకరాళ్ల మోత పూర్తిగా పోయింది.

“ఇక మీరు నడపండమ్మా,” అని భోజనాలయ్యాక, ఇంజన్ చల్లారాక తాళం ఇచ్చాను.

కృష్ణమోహన్ గారు గబగబా ముందుకొచ్చారు. “మేస్త్రిగారూ, మీరు పక్కన కూర్చోండి.”

“మీరే కూర్చోండి,” అన్నారావిడ. “ఇన్నేళ్లు నేను కూర్చోలేదూ?”

నేను స్కూటరు మీద ముందే వెళ్లి బ్రిడ్జి పైన నిలబడ్డాను. కిందనుంచి ఎరుపు కనిపించింది. వెనక ఒక ధాన్యం లారీ. కళ్లు మూసుకుని విన్నాను. ఒకే తీరుగా, మెత్తగా, ఎక్కడా తడబాటు లేకుండా వచ్చింది చప్పుడు. నన్ను దాటుతుంటే ఆవిడ చూపు రోడ్డు మీదే ఉంది. ఆయన రెండు చేతులతో డోరు పట్టుకుని ఉన్నారు. తిరిగి వస్తారని షెడ్డులో ఎదురుచూశాను. రాలేదు.

ఆ రోజు నుంచి పాత ఇంజన్ ఏది వచ్చినా నేను ముందు లైట్ తియ్యను, కొబ్బరి ఈనె తీస్తాను. గీత మీద కోపం లేదు. అది ఎక్కడుందో తెలుసుకున్నాకే దాని మాట వింటాను.

ఆ శనివారం సాయంత్రమే కృష్ణమోహన్ గారి ఫోను. “మేస్త్రిగారూ, కొల్లేరు గట్టు మీదున్నామండి. కారు ఆగిందండి.”

స్కూటరు తాళం అందుకున్నాను. వేడి మీద స్టార్టవుతుందో లేదో చూడటం మర్చిపోయానే!

వెనకనుంచి ఆవిడ గొంతు వినపడింది. “ఆగలేదు, నేనే ఆపాను! గూడబాతులు చూద్దామని.”

“ఫోను బానెట్ దగ్గర పెట్టి స్టార్ట్ చెయ్యమనండి,” అన్నాను.

స్టార్టర్ ఒక్కసారి తిరిగింది. ఇంజన్ అందుకుంది.

“విన్నారా అండి?” అన్నారాయన.

“విన్నానండి.”

“అయితే రేపు రావద్దని ఆ విశాఖపట్నం ఆయనకి ఇప్పుడే చెప్పేస్తానండి.”

“ఆ ఫోన్లన్నీ ఇంటికెళ్లాక,” అన్నారావిడ. “ముందు ఎక్కి డోరు వేసుకోండి.”